ఒక్క నల్ల గుండీ

ఇస్త్రీపెట్టె కాగిందో లేదో చూడటానికి బాబాయ్ తడివేలు అడుగుకు ఆనించాడు. చుయ్‌మంది. మొదటి చొక్కా బల్లమీద పరిచి ముందు కాలరు, తర్వాత భుజాలు, చేతులు, ఆఖర్న వీపు నున్నగా లాగాడు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ వరస తప్పలేదు. కుడి మోచెయ్యి మాత్రం ఈమధ్య మాట వినడం మానేసింది.

ఆ కుట్టు కార్ఖానాలో అందరికీ ఆయన బాబాయే. నోట్లో నాలుక లేని మనిషి. యజమాని ఉన్నంతకాలం, అంటే పద్దెనిమిదేళ్లు, నిలబడే ఇస్త్రీ చేశాడు. కూర్చుంటే బద్ధకం పట్టుకుంటుందని ఆ మహానుభావుడి సిద్ధాంతం. నడపడం ఆయన చేతగాక తలుపులు మూసుకుపోతే, పనివాళ్లే కార్ఖానాను తమ చేతుల్లోకి తీసుకున్నారు. అప్పటినుంచీ ఏ సంగతైనా గుండీలతోనే తేలుస్తారు. మనిషికి ఒక తెల్లది, ఒక నల్లది ఇస్తారు. సరేనంటే తెల్లది, వద్దంటే నల్లది డబ్బాలో వేసి, మిగిలినదాన్ని పిడికిట్లో దాచుకోవాలి. వాళ్లు చేసిన మొట్టమొదటి తీర్మానం బాబాయికి స్టూలు కొనడం. ఆ రోజు ఆయన దానిమీద కూర్చుని, ఎవరికీ కనబడకుండా చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

ఈ పదమూడేళ్లలో ఎవరి పనీ పోలేదు. జ్వరమొస్తే ఇంట్లో పడుకోవడానికి భయపడినవాళ్లు లేరు. బాబాయ్ సభలో నోరు విప్పిందీ లేదు, నల్ల గుండీ వేసిందీ లేదు. పదిమంది కలిసి అనుకున్నదాన్ని కాదనడానికి తానెంత అనుకునేవాడు.

ఇవాళ్టి సంగతి వేరు. ఆవిరి ఇస్త్రీ మెషీను కొనాలా వద్దా అన్నది తేలాలి. కొంటే పెద్ద దుకాణం ఆర్డరు ఏడాది పొడవునా వస్తుంది. బాబాయ్ బల్ల తీసేసి అక్కడే దాన్ని పెడతారు, ఆయన పని అది చేసేస్తుంది. ఒకరి పని పోయే విషయంలో మాత్రం ఒక్క నల్ల గుండీ పడినా ఆ మాట అక్కడితో ఆగిపోవాలని వాళ్ల కట్టుబాటు.

“ఈ ఒక్కసారికి మొహమాటపడకండి. నల్లది వెయ్యండి,” అంది పొద్దున భార్య, అన్నం డబ్బా చేతికిస్తూ. ఆయన తలూపాడు.

కానీ కార్ఖానాలో ఎవరూ ఆయన కళ్లలోకి చూడలేదు. బట్ట కత్తిరించే అక్కే ఈ ఏడాది సభ నడిపేది. ఆవిడ కూడా చొక్కాల కట్ట దించి, రోజూ చేసే వేళాకోళం చెయ్యకుండానే గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. వీళ్లకి బరువైపోయాననుకున్నాడు బాబాయ్.

మధ్యాహ్నం సభలో డబ్బా చేతులు మారుతూ ఆయన దగ్గరకొచ్చింది. తనకోసం తానే నల్లది వేసుకోవడం దేబిరించడంలా తోచింది. ఇరవై రెండుమందిలో ఒక్కరైనా తనను ఉండమంటారా? అది తెలుసుకోవాలనిపించింది. తెల్లది వేశాడు.

అక్క డబ్బా బోర్లించింది. ఇరవై మూడూ తెల్లవే.

ఎక్కడైనా నల్లది దాక్కుందేమోనని అక్క గుండీల్ని అటూ ఇటూ కెలికింది. పెద్ద దుకాణం ఆర్డరును తన చేత్తో పోగొట్టడం ఎవరికీ ఇష్టం లేక, ఆ ఒక్క ‘వద్దు’నూ అందరూ బాబాయికే వదిలేశారు.

“నువ్వు వేస్తావనుకున్నాం కదా బాబాయ్,” అంది అక్క. “నీదెలాగూ పడుతుంది కదా అని...”

“మీలో ఒక్కరైనా వేస్తారనుకున్నానమ్మా,” అన్నాడు.

మళ్లీ వేద్దామని ఒకరు, చొక్కాలు మడతపెట్టే పనిలో ఉండమని ఒకరు, అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. అందరూ తేల్చినదాన్ని తనకోసం తిరగదోడితే, రేపు ఇంకెవరికోసమో తిరగదోడతారన్నాడు. పదమూడేళ్లలో సభలో ఆయన మాట్లాడింది అంతే.

మిగిలిన పదకొండు చొక్కాలూ అదే వరసలో పూర్తిచేశాడు. ఇస్త్రీపెట్టె తీగ చుట్టాడు. ఏం వేశారని ఇంటి దగ్గర ఆవిడ అడుగుతుంది. ఏం చెప్పాలో దారంతా ఆలోచించుకోవడానికన్నట్టు, ఎండ ఉండగానే వెళ్లిపోయాడు.

అక్క వచ్చి చూసేసరికి స్టూలు మీద ఒక నల్ల గుండీ ఉంది. అరచేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది.