అయిదుగురు ఎర్రన్నలు, ఒక్క చీటీ

2006 జూన్. నాలుగేళ్ల తర్వాత బెళుగుప్పలో పదును వాన పడింది. తడి ఆరేలోపు వేరుశనగ విత్తాలి. విత్తనకాయల లారీ సాయంత్రం అయిదు దాకానే ఉంటుంది. చీటీ ఉన్నవాళ్లకే కాయలు. ఆ చీటీలు తీసే కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు ఎర్రన్న కొడుకు జయరాముడు.

ఏడు మండలాల పాసుపుస్తకాలు లక్ష, అర్జీలు అరవై వేలు. రెంటిలోనూ ఉంటేనే చీటీ. జయరాముడు పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాం పేర్లను లిస్టులో పెట్టుకుని, ఒక్కో అర్జీకీ మొదట్నుంచి వెతికేది, పెళ్లిలో చెప్పు పోగొట్టుకున్నవాడిలా. పని మూడు గంటలు, కరెంటు రెండు గంటలు. లిస్టు అనేకంటే లేటు అంటే సరిపోయేది.

అందుకే ఆ పొద్దున పాసుపుస్తకాలనూ అర్జీలనూ డిక్షనరీలోకి, అంటే పైథాన్‌లోని గూళ్ల పెట్టెలోకి, మార్చాడు. డిక్షనరీ వెతకదు. పేరు చెబితే ఆ పేరున్న గూట్లోకే చెయ్యి పెడుతుంది. రెండు నిమిషాల్లో చీటీలన్నీ కక్కేసింది.

"ఏమప్పా, మంత్రమేసినావా?" అన్నాడు అటెండరు గురప్ప.

జయరాముడు చీటీలు తీసుకుని వెళ్లేసరికి లారీ దగ్గర క్యూలో మనుషుల బదులు వాళ్ల చెప్పులు నిలబడి ఉన్నాయి. "ఎర్రన్నా!" అని కేకేస్తే నీడలోంచి జయరాముడి తండ్రితో సహా అయిదుగురు లేచారు. అన్నదమ్ముల బిడ్డలు. అయిదిళ్లలోనూ పెద్దకొడుక్కి తాత పేరే. ఇంటిపేరూ ఒకటే. చీటీ కూడా ఒకటే, అందరికంటే చివర అర్జీ పెట్టినవాడిది.

జయరాముడికి అప్పుడు తట్టింది. డిక్షనరీలో ఒక పేరుకు ఒకటే గూడు. వెనక వచ్చినవాడు ముందువాణ్ణి తోసేసి కూర్చుంటాడు. లిస్టు నత్తే, కానీ అందర్నీ మోసింది. పైథాన్ అంటే కొండచిలువని తెలిసీ, మింగదనుకున్నాడు!

పరుగున కంప్యూటర్ దగ్గరికొచ్చి, గూళ్లకు పేరు తీసి పాసుపుస్తకం నంబరు పెట్టాడు. మీట నొక్కబోతే కరెంటు పోయింది. మళ్లీ లారీ దగ్గర కాయలిచ్చే అధికారి దగ్గరికి పరుగు.

"సార్, మా నాయనది పడలేదు. తప్పు నాదే."

"కాగితం చూపియ్యప్పా."

"కరెంటు లేదు సార్."

"కాగితం లేకుండా నేను యాడిచ్చేది?"

అయిదింటికి లారీ కదిలింది. అయిదూ పదికి కరెంటు వచ్చింది. రెండు నిమిషాల్లో అయిదుగురు ఎర్రన్నలూ వరసగా కాగితమెక్కారు. వేగానికేం లోటు లేదు.

బయట అరుగు మీదున్న తండ్రి చేతిలో ఆ కాగితం పెట్టాడు. ఎర్రన్న దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"నా పేరు ఉండాదా?"

"ఉండాది నాయనా. మూడోది."

"ఇత్తితే మొలుస్తాదా?"

అవతల, చీటీ దొరికిన చౌడప్ప చేలో విత్తే గొర్రు తోలుతున్నారు. ఎర్రన్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వట్టికాళ్లతో ఇంటివైపు నడిచాడు. లారీ లేని చోట ఆయన చెప్పులు ఇంకా క్యూలోనే ఉన్నాయి.