కింది వైపు పుల్ల

భూతద్దం కింద ఏడు చెట్లనుంచి తీసిన పద్నాలుగు కర్రపుల్లలున్నాయి. ఏ చెట్టూ ఇంకోదానితో ఏకీభవించడం లేదు.

చెట్ల డాక్టరమ్మ కళ్లు నులుముకుని మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. ఊరంతా ఆమెని అలాగే పిలుస్తారు. ఆమె పని చెట్టు కాండంలో ఏటా ఒకటి చొప్పున పడే వలయాల్ని చదవడం. ఏ ఏడు కరువు, ఏ ఏడు మంట, ఏ ఏడు కొండచరియ జారింది, అన్నీ అందులోనే దొరుకుతాయి. పది వలయాలకి ఒక పెన్సిల్ చుక్క, యాభైకి రెండు, వందకి మూడు. ఇన్నేళ్లలో ఆ చుక్కలు ఆమెని ఇంతగా ఏడిపించలేదు.

మూడు రోజులుగా వాన. కొండ కింద కాలనీలో నలభై రెండు ఇళ్లున్నాయి. వందేళ్లుగా ఆ కొండ కదల్లేదని రోడ్డు ఇంజనీరు రిపోర్టు రాసిచ్చాడు. అది తప్పని మధ్యాహ్నం పన్నెండుకి జరిగే మీటింగులో ఆమె రుజువు చెయ్యాలి. చెయ్యలేకపోతే సైరన్ మోగదు, కాలనీ ఖాళీ కాదు. గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది.

చరియ ఒకసారి జారితే ఆ దెబ్బ చెట్లన్నిటిలోనూ ఒకే ఏట కనిపించాలి. కానీ ఒక చెట్టు నలభై ఒక్కేళ్ల కిందటంటోంది. ఇంకోటి ముప్ఫై ఎనిమిదంటోంది.

అప్పుడు గమనించింది. ఒక్కో చెట్టుకి రెండేసి పుల్లలు. ఒకటి కొండకి పై వైపునుంచి, రెండోది కింది వైపునుంచి బర్మాతో తొలిచి తీసుండాలి. వాలిన చెట్టులో ఆ రెండూ ఎప్పుడూ ఒకేలా ఉండవు. ఇక్కడ ప్రతి జతా కవలపిల్లల్లా ఉంది.

"మామయ్యా!"

కిటికీ దగ్గర టీ తాగుతున్న మేనమామ ఉలిక్కిపడ్డాడు. అడవి కాపలాదారుగా పనిచేసి రిటైరయ్యాడు. పోయిన వారం ఈ పుల్లలు తీసుకొచ్చింది ఆయనే.

"కింది వైపు బర్మా దింపావా?"

"దింపాను."

"నా మొహం చూసి చెప్పు."

"దింపానంటున్నానుగా! పోలీసులా అడుగుతావేం?" అని ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టాడు. "పై వైపైతే కాలు నిలుస్తుందే అమ్మడూ. కింది వైపు అంతా లోయ. రెండూ పైనే, జానెడు ఎడంగా తీశాను. చెట్టు ఒకటేగా, ఏ వైపైతేనేం అనుకున్నా."

"వాలిన దేవదారు పడిపోకుండా నిలదొక్కుకోడానికి కింది వైపు లావెక్కుతుంది మామయ్యా. పై వైపు బక్కచిక్కిపోతుంది. కొన్నేళ్లు అక్కడ వలయమే వెయ్యదు. నువ్వు నాకు పేజీలు చిరిగిన పుస్తకం తెచ్చిచ్చావు!"

ఆయన లేచి నిలబడ్డాడు. జీపు తాళాలు అందుకున్నాడు.

పదిన్నరకి ఇద్దరూ కొండమీదున్నారు. కాళ్లకింద మట్టి పాయసంలా ఉంది. ఆమె నడుముకి తాడు కట్టుకుని మొదటి చెట్టు కింది వైపుకి దిగింది. మామయ్య తాడుని పై చెట్టుకి చుట్టి పట్టుకున్నాడు.

"తిట్టాలనుంటే పైకొచ్చాక తిట్టు. ఇప్పుడు తాడు నా చేతుల్లో ఉంది."

"వదిలావంటే అత్తయ్యకి చెబుతా."

బోలు బర్మా కిర్రుమంటూ తిరిగింది. పెన్సిలంత పుల్ల బయటికొచ్చింది. చరియ పడిన పాత ఏడు వెతకబోయి ఆమె చెయ్యి బెరడు దగ్గరే ఆగిపోయింది. చివరి మూడు వలయాలు మిగతావాటికి రెండింతల వెడల్పున్నాయి. ఇటుక రంగులో ఉన్నాయి.

రెండో చెట్టు. మూడు వలయాలు, ఇటుక రంగు. మూడో చెట్టూ అంతే.

"ఏమైందే?"

"ఈ పుల్లలు చెప్పేది ఎప్పుడో జారిన కొండ గురించి కాదు మామయ్యా. ఇది ఇప్పుడు జారుతోంది. పద!"

పన్నెండుకి రెండు నిమిషాలుండగా తడిసి ముద్దయి మీటింగు గదిలో అడుగుపెట్టారు.

"రండి డాక్టరమ్మా, పేషెంట్లేమంటున్నారు?" అన్నాడు ఇంజనీరు. నలుగురు నవ్వారు. "నిన్న పంపిన కాగితం చూశాం. చెట్లే ఒక మాటమీద లేవు, ఇక మేమేం నమ్మాలి?"

"నిన్నటి లెక్క తప్పే," అందామె.

"ఆ తప్పు నాది," గుమ్మం దగ్గర్నుంచి మామయ్య అన్నాడు. "తేలికని పై వైపే తీశాను. ఈమెకి అబద్ధం చెప్పాను."

ఆమె మూడు కొత్త పుల్లలు జిల్లా అధికారిణి ముందు పెట్టింది. "చెట్టు వాలడం మొదలైతే కింది వైపు ఈ రంగు కలప వేస్తుంది మేడమ్. బెరడునుంచి లోపలికి మీరే లెక్కపెట్టండి."

అధికారిణి భూతద్దం అందుకుంది. ఒక్కో పుల్లా బెరడునుంచి లెక్కపెట్టింది.

"మూడింట్లోనూ మూడే," అంది చివరికి. ఇంజనీరు వైపు తిరిగింది. "కొండ అడుగు తవ్వి రోడ్డు వేసి ఎన్నాళ్లయింది?"

"గాలికి కూడా చెట్లు వాలతాయి మేడమ్..."

"నేనడిగింది గాలి సంగతి కాదు."

ఇంజనీరు తన రిపోర్టు మూసేశాడు. "మూడేళ్లు."

పన్నెండు ఇరవైకి సైరన్ మోగింది. వానకి భయపడి కొంప వదలమంటారా అని జనం దుమ్మెత్తిపోశారు. మామయ్య ప్రతి తలుపూ తట్టాడు. తియ్యనివాళ్ల తలుపు గుద్దాడు. మూడూ పదికి కొండ నడుం విరిగింది. కింది రెండు వరుసల ఇళ్లు మట్టిలో కలిసిపోయాయి. వాటిలో పిల్లి కూడా లేదు.

కాలనీవాళ్లందర్నీ ఊరి బడిలో చేర్చారు. ఆమె తలలు లెక్కపెట్టి, అందరూ ఉన్నారని తేలాక గోడకి చేరగిలబడి కూర్చుంది. అప్పుడు ఇంజనీరు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. వెటకారం ఎక్కడికి పోయిందో పోయింది.

"డాక్టరమ్మా, ఈ బడి వెనక కొండమీద కూడా దేవదారులున్నాయి."

"ఉంటే?"

"దాని అడుగునా రోడ్డు తవ్వాం. అదే ఏడు."

ఆమె హాలంతా చూసింది. గోడ పక్కన పరుపులు, పరుపులమీద పిల్లలు. మామయ్య అప్పటికే బర్మా చేతికి తీసుకున్నాడు.

"కింది వైపే దింపుతా," అన్నాడు. "నువ్వు తాడు పట్టుకో."

"చెట్లని తర్వాత అడుగుదాం మామయ్యా," అంటూ ఆమె లేచి తలుపులు బార్లా తీసింది. "ముందు పిల్లల్ని లేపు."