తెల్లచొక్కా సంతకం

కొత్త ట్యాంకులో నీళ్ళు ముదురు గోధుమరంగుకి తిరిగిన రోజున ల్యాబ్ అమ్మాయి గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టింది. పెళ్ళయి నలభై రోజులైంది. ఈ మధ్య ఆమెకి ప్రతిదానికీ చప్పట్లు కొట్టాలనిపిస్తోంది. స్కూటర్ మొదటి కిక్కుకే స్టార్టయినా సరే, ఆరేసిన దుప్పటి ఎండ వాసన వేసినా సరే.

"బురదని చూసి మురిసిపోయే పెళ్ళాం నాకే దొరకాలా!" అన్నాడు మొగుడు. ఆమె పనిచేసే మురుగునీటి శుద్ధి కేంద్రంలోనే అతనూ ఎలక్ట్రీషియన్.

"బురద కాదు బాబూ, ప్రాణం! కోటానుకోట్ల సూక్ష్మజీవులు. మురుగులో అమ్మోనియాని తినేసేవి ఇవే. ఐదు వారాలు పెంచాను."

"అందుకా, పొద్దున్నే నాకంటే ముందు వీటిని పలకరిస్తున్నావు?"

కొత్త పర్యావరణ నిబంధన ప్రకారం బయటికొచ్చే నీటిలో అమ్మోనియా లీటరుకి ఐదు మిల్లీగ్రాములు దాటకూడదు. దానికోసమే కొత్త ట్యాంకు, సూక్ష్మజీవులకి గాలి ఊదే కొత్త బ్లోయర్లు. శుక్రవారం తనిఖీ.

కేంద్రానికి పెద్ద, ఇంజనీరు. పనివాళ్ళు పెట్టిన పేరు తెల్లచొక్కా. మరక పడుతుందని ట్యాంకుకి పది అడుగుల దూరంలోనే ఆగిపోతాడు. మూడేళ్ళ కిందట, కరెంటు బిల్లు తగ్గించి పై వాళ్ళ మెప్పు పొందుదామని రాత్రిపూట బ్లోయర్లు ఆపించాడు. వద్దని ఆపరేటరు బతిమాలాడు, వినలేదు. గాలి లేక శుద్ధికాని నీళ్ళు చేరి వాగులో చేపలు చచ్చి తెల్లగా తేలాయి. విచారణలో మాత్రం తెల్లచొక్కా "నేనెప్పుడు చెప్పాను?" అన్నాడు, కళ్ళు కూడా ఆర్పకుండా. నోటిమాటకి సాక్ష్యం ఎక్కడిది? ఇరవై ఆరేళ్ళ సర్వీసున్న ఆపరేటరు ఉద్యోగం పోయి ఇంటికి చేరాడు. ఆ ఆపరేటరు ల్యాబ్ అమ్మాయి నాన్న. అప్పట్నుంచీ ఆయన వీధి గుమ్మం దాటలేదు, ఇంట్లో నాలుగు మాటలకి మించి మాట్లాడలేదు. ఆమె ఈ ఉద్యోగంలో చేరింది ఒక్క కోరికతో: ఆ మనిషి నోట్లోంచి వచ్చే మాట ఎప్పటికైనా కాగితం మీదికి రావాలి.

మంగళవారం తెల్లచొక్కా పది అడుగుల దూరంలో ఆగి ముక్కు మూసుకున్నాడు.

"ఏంటమ్మా ఈ కంపు రంగు? ఇంత ఖరీదైన ట్యాంకు బురదగుంటలా ఉంది. అధికారులొస్తే పరువు పోదూ? మొత్తం తోడించెయ్. నీళ్ళు అద్దంలా కనబడాలి."

ఆమె ట్యాంకు వైపు చెయ్యి చూపించింది. "సార్, ఆ బురద వల్లే..."

"నాకు పాఠాలు చెప్తున్నావా? అచ్చం మీ నాన్న పోలికే. చెప్పింది చెయ్యి."

నాన్న ఊసు ఆ నోట వినగానే ఒళ్ళు భగ్గుమంది. మరుక్షణమే చల్లగా, హాయిగా అయిపోయింది. ఇదే ఆ రోజు.

"అలాగే సార్," అంది ఎంతో వినయంగా. "రిజిస్టర్లో రెండు ముక్కలు రాసిస్తే పనివాళ్ళు మారు మాట్లాడరు."

అతను రాశాడు. కింద వంకీలు తిప్పి మరీ సంతకం పెట్టాడు. అది ఆరేదాకా ఆమె ఊదింది.

ఆ బురదని పారబోయలేదు. మొగుడు పాత ట్యాంకుకి వైర్లు లాగి, పాత బ్లోయరు తిప్పాడు. బురదంతా అక్కడ క్షేమంగా చేరింది. కొత్త ట్యాంకు నుంచి బయటికొచ్చే నీటిని వాగుకి పోనివ్వకుండా పక్కనున్న నిల్వ గుంటలోకి మళ్ళించారు.

"అమ్మో, నీతో గొడవ పెట్టుకోకూడదు తల్లీ," అన్నాడతను చేతులు తుడుచుకుంటూ.

"పెట్టుకుంటే రాసి సంతకం పెట్టకు," అని నవ్విందామె.

శుక్రవారం నీళ్ళు అద్దంలా ఉన్నాయి. తెల్లచొక్కా మొదటిసారి గట్టు దాకా వచ్చి నిలబడ్డాడు. తనిఖీ అధికారిణి ఆ నీటిని ముంచి పరీక్షించింది. అమ్మోనియా ముప్పై ఒకటి.

"ఈ ట్యాంకులో బురదేదీ? ఎవరు తీయించారు?"

"ఈ అమ్మాయే మేడం," అన్నాడు వెంటనే. "వీళ్ళకిది ఇంటి అలవాటు. వాళ్ళ నాన్నా ఇలాగే చెప్పకుండా చేసి చేపల్ని చంపాడు."

ల్యాబ్ అమ్మాయి రిజిస్టరు తెరిచి ఆ పేజీ మీద వేలు పెట్టింది. తొందరపడలేదు. అధికారిణి ఒకసారి చదివి, మళ్ళీ పైకి చదివింది. తెల్లచొక్కా కళ్ళజోడు తీశాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"పాత ఫైలు కూడా తెప్పించండి," అంది అధికారిణి. "అందరి ముందే అబద్ధమాడిన మనిషి అప్పుడు నిజం చెప్పాడని నేనెలా నమ్మాలి? అంతవరకు మీరు విధులకు రావక్కర్లేదు."

వెళ్ళిపోతూ అతను ల్యాబ్ గుమ్మంలో ఆగాడు. "నీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసు సార్."

"గట్టిగా చెప్పొచ్చుగా?"

"మా నాన్న గట్టిగానే చెప్పారు సార్."

సాయంత్రానికల్లా బురదని కొత్త ట్యాంకులోకి మళ్ళించి, మొగుణ్ణి వెంటబెట్టుకుని పుట్టింటికి పరుగెత్తింది. ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది. నాన్న విన్నాడు. కుర్చీ ఆమె దగ్గరికి లాక్కున్నాడు.

"కళ్ళజోడు ఎన్నిసార్లు తీశాడన్నావు?"

"రెండుసార్లు నాన్నా."

"ఊఁ. మొదట్నుంచి చెప్పు. మెల్లగా చెప్పు. అల్లుడూ, నువ్వూ కూర్చో, ఇది ఒక్కసారికి అయ్యేది కాదు."