వీపు మీంచి చూసిన పరుగు

నేనొక పిన్నీసుని. మీ పెదవి విరుపు నాకు కనిపిస్తూనే ఉంది. రైలింజనూ గోడగడియారమూ తమ కథ చెప్పుకుంటే చెవులప్పగించి వింటారు గానీ, పిన్నీసుకేం కథ ఉంటుంది అనుకుంటారు. ఉంటుందండీ. నేను ఎనిమిది దేశాలు తిరిగాను. మీరెన్ని తిరిగారో మీకే తెలియాలి.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. ఇనుపతీగని కత్తిరించి, ఒక కొస సూదిగా అరగదీసి, నడుము దగ్గర ఒక చుట్టు తిప్పి, నెత్తిన రేకు టోపీ పెట్టారు. పన్నెండుమంది అప్పచెల్లెళ్ళం ఒకే అట్టకి గుచ్చుకుని విజయనగరంలో ఒక ఫ్యాన్సీ కొట్లో వేలాడుతుంటే, జూట్ మిల్లులో పనిచేసే నారాయణమ్మ మమ్మల్ని ఇంటికి తీసుకుపోయింది. మిల్లు ఆడవాళ్ళకి మేం నగల కన్నా ముఖ్యం. పైట జారి మిషన్లో పడితే ప్రాణం మీదికొస్తుంది. అందుకని నారాయణమ్మ ఒకదాన్ని భుజం మీద గుచ్చుకుని, ఎందుకైనా మంచిదని నన్ను గాజుకి తగిలించుకునేది.

ఆమె కూతురు పుణ్యవతి పదమూడో ఏట జిల్లా పోటీలకి పేరిచ్చింది. డ్రిల్లు మాస్టారు నంబరు గుడ్డలు తెచ్చారు, ముగ్గు సున్నం తెచ్చారు, ఈల కూడా తెచ్చారు. పిన్నీసులు మాత్రం మర్చిపోయారు. పిల్లలంతా నంబర్లు చేత్తో పట్టుకుని నిలబడితే, "ఇప్పుడేటి దారి!" అని ఆయన తల గోక్కున్నారు. షిఫ్టుకి వెళ్తూ కూతుర్ని ఒకసారి చూసిపోదామని ఆగిన నారాయణమ్మ, మా ఇద్దర్నీ తీసి పిల్ల గుండెల మీద నంబరు గుచ్చేసింది. తన పైట బొడ్లో దోపుకుని మిల్లుకి పోయింది. ఆ పూట మేస్త్రీ చేత చీవాట్లు తిందట. పుణ్యవతి మాత్రం ఎనిమిది వందల మీటర్లలో అందరికన్నా ముందొచ్చింది. నారాయణమ్మ భుజం మీంచి వచ్చిన పిన్నీసు ఆ సందడిలో గడ్డిలో పడిపోయింది. నేను మిగిలాను.

అప్పట్నుంచి నేను లేకుండా ఆమె గీత దగ్గర నిలబడలేదు. పోటీలు పెద్దవయ్యేకొద్దీ నంబరుతో పాటు పిన్నీసులూ వాళ్ళే ఇచ్చేవారు, ముందుకి నాలుగు, వీపుకి నాలుగు. నాతో అవసరం తీరింది. అయినా నన్ను నిక్కరు నడుముపట్టీకి లోపలివైపు పెట్టుకునేది. చెమటకి తుప్పు పట్టకుండా ప్రతి పరుగుకీ ముందు ఒక చుక్క కొబ్బరినూనె రాసేది. దోహా, బ్యాంకాక్, కొలంబో, ఎక్కడికెళ్ళినా ఇదే వరస. మనుషుల్ని చూస్తే నాకు భలే నవ్వొచ్చేది. ఏళ్ళ తరబడి కడుపు మాడ్చుకుని, సముద్రాలు దాటొచ్చి, గుండ్రంగా తిరిగి తిరిగి మళ్ళీ అదే గీత దగ్గరికి చేరి, నేను ముందంటే నేను ముందని ఏడ్చేవాళ్ళు.

పుణ్యవతి ఏడుపు మాత్రం నాకు నవ్వు తెప్పించలేదు. పదిహేను వందల మీటర్ల పరుగులో రెండు ఆసియా పోటీల్లో వరసగా నాలుగో స్థానం. రెండుసార్లూ ఆమెను దాటి మూడో స్థానం తన్నుకుపోయింది కజకిస్తాన్ అమ్మాయి ఐజాన్. రెండోసారి రెప్పపాటు తేడా. మూడోసారి బయల్దేరేనాటికి పుణ్యవతికి ముప్పై ఏళ్ళు. ఈసారి పతకం తేకపోతే జాతీయ శిబిరంలో పేరుండదని అథ్లెటిక్స్ సంఘంవాళ్ళు ముఖం మీదే చెప్పేశారు.

పరుగుకి ముందు అందర్నీ కూర్చోబెట్టి తనిఖీ చేసే గదిని కాల్ రూమ్ అంటారు. అక్కడ ఐజాన్ వీపు మీది పిన్నీసు ఒకటి పుటుక్కున విరిగింది. పిన్నీసుల డబ్బా ఎవరో ముందు పరుగువాళ్ళతో పాటు పట్టుకుపోయారు. నంబరు నాలుగు మూలలా అంటి ఉండకపోతే లోపలికి పంపనని అధికారిణి తల అడ్డంగా ఊపింది. బయట వరస కదులుతోంది. ఐజాన్ వెనక్కి చెయ్యి పెట్టి, ఊడిన నంబరు మూలని పట్టుకుంది. ఆమె ఆగిపోతే మూడో స్థానానికి పుణ్యవతికి అడ్డెవరూ లేరు. అది ఆ గదిలో అందరికీ తెలుసు.

పుణ్యవతి వేళ్ళు నా దాకా వచ్చి వెనక్కి పోయాయి. మళ్ళీ వచ్చాయి. అబద్ధమెందుకు, ఇవ్వొద్దు తల్లీ అనే నేను లోపల అరిచాను. ఆమె నన్ను తీసింది. ఐజాన్ చెయ్యి చాపింది. పుణ్యవతి చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టింది. మా వైపు సూదీ పిన్నీసూ చేతికివ్వరు, ఇస్తే ఇద్దరికీ తగువులొస్తాయంటారు. పాపం ఐజాన్‌కి ఏం తెలుసు! ఇచ్చినట్టే ఇచ్చి వెక్కిరిస్తోందనుకుని కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుంది. "తీసుకో, తీసుకో" అని పుణ్యవతి తెలుగులోనే గద్దించేసరికి అర్థమై తీసుకుంది.

అలా నేను శత్రువు వీపెక్కాను. తుపాకీ పేలింది. ముందు ఏం జరుగుతోందో నాకు కనబడదు, వెనకాల వచ్చేవాళ్ళే కనిపిస్తారు. దాదాపు మూడు చుట్లూ పుణ్యవతి మా వెనకే ఉంది. చివరి చుట్టు గంట మోగింది. ఆఖరి మలుపులో మరో రెండడుగులు దగ్గరైంది. తర్వాత కుడివైపుకి జరిగి, నా చూపుకి అందకుండా పోయింది. జనం హోరు. గీత దాటాక ఐజాన్ మోకాళ్ళ మీద చేతులానించి వంగిపోతే నాకు ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు. ఎవరు మూడో, ఎవరు నాలుగో తెలియక నా ప్రాణం విలవిల్లాడింది. అప్పుడు నాకు బాగా తెలిసిన తడిచెయ్యి ఒకటి ఆ వీపు మీద, నా పక్కనే పడి మెల్లగా నిమిరింది. ఓడినవాళ్ళని నిమిరే చెయ్యి అలా ఉంటుందని నాకు తెలుసు. పుణ్యవతి మూడోది!

తర్వాత బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. పుణ్యవతి ఇంటికి ఫోను చేసింది. మిల్లు మోతలో అరిచి అరిచి అలవాటైన నారాయణమ్మ గొంతు నాకూ వినబడింది.

"పిన్నీసు జాగర్తగుందా?"

"ఇచ్చీసినానమ్మా."

"ఓలమ్మీ! ఎవులికే?"

"నాతోటి పరిగెత్తినామికి. ఆమి పిన్నీసు ఇరిగిపోనాది."

"మరి గెలిసినావు గదా?"

"గెలిసినాను."

"అయితే ఇంక దాంతోటి పనేటి? ఉంచుకోమను. బువ్వ తిన్నావా?"

నాకు రోషం రాలేదంటే నమ్మండి. ఇప్పుడు ఐజాన్ కూతురి కోటుకి లోపలివైపు ఉంటున్నాను. పిన్నీసు పెడితే దిష్టి తగలదని ఈ దేశంలోనూ ఒక నమ్మకం. బయట మంచు, లోపల వెచ్చగా ఉంది. ఏ లోటూ లేదు.

పదిహేడేళ్ళు పుణ్యవతి నడుం పట్టుకుని తిరిగాను. ఆమె పరిగెత్తేది నా వల్లేనని కాస్త పొగరు కూడా ఉండేది. కానీ పరిగెత్తేటప్పుడు ఆమె ముఖం ఎలా ఉంటుందో నాకు తెలీదు. నడుము దగ్గర ఉన్నదానికి ముఖం ఎలా కనిపిస్తుంది? ఆ రోజు ఐజాన్ వీపు మీంచి మొదటిసారి చూశాను. ఆకలేసిన పిల్ల అన్నం పళ్ళెం కేసి చూసినట్టు, గీత కేసి చూస్తూ వస్తోంది. నేనున్నానో లేనో ఆమెకి గుర్తే లేదు. ఎంత బాగుందో! కాల్ రూమ్‌లో విరిగిపోయిన ఆ పిన్నీసు ఏ దేశపుదో, ఎవరు చేసిందో తెలీదు గానీ, దానికి రోజూ దండం పెట్టుకుంటాను.