ఆరింటిలోపు ఒక్క నొక్కు

నేను ఒక కంప్యూటర్ మౌస్‌ను. ఏదో చైనా కార్ఖానాలో పుట్టి, అట్టపెట్టెలో హైదరాబాదు చేరాను. మొదట ఓ ఆఫీసులో పెద్దాయన చేతికింద పనిచేశాను. ఆయన రోజంతా నాతో పేకాట ఆడేవాడు. ఆయన రిటైరయ్యాక మూడో అంతస్తులో హైమవతి బల్ల మీదికి వచ్చాను. నా సుఖం అక్కడితో సరి.

హైమవతిది సిద్దిపేట. ఒక వీడియో సైటులో జనం పెట్టే ఘోరాలను చూసి తీసేయడం ఆమె ఉద్యోగం. ఆమె వాటాకు మెక్సికో మత్తుమందుల ముఠాల వీడియోలు పడ్డాయి. ఈ మనుషుల తీరు నాకు అంతుపట్టదు. చంపేవాడే వీడియో తీస్తాడు, దానికి పాట జోడిస్తాడు, ఊరంతా హడలిపోవాలని సైటులో పెడతాడు, ఆపైన ఎందరు చూశారో చూసుకుని మురిసిపోతాడు. ఇక్కడ చూసేవాళ్ళ మనసు చెడకుండా ఆఫీసులో ఒక పద్ధతి పెట్టారు. శబ్దం కట్టేసి, రంగులు తీసేసి, బొమ్మను చిన్నది చేసి చూడాలి. అలా రోజుకు రెండొందల సార్లు నా ఎడమ బొత్తాం 'తొలగించు' మీద పడేది.

ఒక సాయంత్రం ఐదున్నరకు మెక్సికో నుంచి ఒక తల్లి విన్నపం వచ్చింది. యంత్రం దాన్ని అనువదించి చూపింది. "నెల కిందట మీరు తీసేసిన వీడియోలో ఉన్నది నా కొడుకు ఎఫ్రాయిన్ అని చూసినవాళ్ళు అంటున్నారు. ముఖానికి గుడ్డ కట్టారట. తన పేరూ ఊరూ చెప్పాడట. శవం దొరకలేదు. ఇల్లు వదిలి పారిపోయాడంటున్నారు పోలీసులు. నాకు ఆ వీడియో ఒక్కటే సాక్ష్యం."

తీసేసిన వీడియోను ముప్పై రోజులే దాచి ఉంచుతారు. ఆ రోజు ఆరింటితో గడువు తీరిపోతుంది. దాన్ని తీసేసింది మేమే, హైమవతీ నేనూ. అతని మాట వినకుండానే తీసేశాం.

ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకోవడం చూసి టీంలీడరు ప్రభుదాస్ పరుగున వచ్చాడు.

"సౌండు పెట్టకు హైమా, మల్ల నిద్ర పట్టది నీకు."

"ఆ తల్లికి పడ్తుందా సార్? పేరు ఏ నిమిషంల ఉందో రాస్తెనే పోలీసుల కోసం దాస్తరు గద."

పాట హోరులో ఏమీ తెలియలేదు. రెండుసార్లు వెనక్కి జరిపింది. ఆమె అరచేతి చెమటకు నేను జారిపోతున్నాను. నాకు భయం వేసింది. ఆరుకు నాలుగు నిమిషాలుందనగా, వాయిద్యాలు ఆగినచోట ఒక సన్నని గొంతు వినిపించింది. ఎఫ్రాయిన్. తర్వాత ఊరి పేరు. ఆ తర్వాత 'మమా' అని. అది అమ్మను పిలవడమని తెలియడానికి యంత్రం అనువాదం అక్కర్లేకపోయింది.

ఆమె అది ఎన్నో నిమిషమో రాసి, నన్ను 'భద్రపరచు' మీదికి జరిపి గట్టిగా నొక్కింది. తర్వాత ముఖం కప్పుకుని ఏడ్చింది.

ఇప్పుడు నేను పాత సామాన్ల డబ్బాలో ఉన్నాను. చెరిపీ చెరిపీ ఎడమ బొత్తాం అరిగిందని పారేశారు. పక్కనున్న కీబోర్డు నా గొప్పేమిటని అడిగితే, పది రోజులకు ఆ తల్లి రాసిన జవాబే చెబుతాను. హైమవతి దాన్ని నా మీద చెయ్యి వేసుకునే చదివింది.

"పోలీసులు కేసు రాశారు. నా కొడుకు పారిపోలేదు."