కలెక్టరు అనే పొట్టేలు

నేను పదో తరగతి పాసవ్వాలని మా ఊరంతా ఎదురుచూసింది. నా మీద ప్రేమ పొంగిపొర్లి కాదు. నేను పాసైతే మా పొట్టేలును కోస్తారు, అందుకు.

మొక్కు మా అవ్వ గురమ్మది. నేను బడికి పోయే రోజుల్లో, మనవరాలు పది పాసైతే పొట్టేలునిస్తానని అంకమ్మ తల్లికి మొక్కి, అప్పుడే పుట్టిన మగ గొర్రెపిల్లను ఆ తల్లి పేరున వదిలేసింది. పదితో ఆగేదేముంది, మనవరాలు కలెక్టరే అవుతుందని ఆ గొర్రెపిల్లకు కలెక్టరు అని పేరు పెట్టింది. ఇంతలో మా నాయన నాగయ్య గొర్రెల మేతకు మండలు కొడుతూ తుమ్మచెట్టు మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అమ్మ మిరపకోత కూలికి పోతే తప్ప పొయ్యి వెలగదు. తమ్ముడు శ్రీనుకు అప్పటికి ముక్కు చీదుకోవడం కూడా రాదు. మంద వెంట ఇంకెవరు పోతారు? నేనే పోయాను. పరీక్షలు రాయకుండానే బడి మానేశాను. మానేసిన రోజు చేనిగట్టు చాటున కూర్చుని ఏడ్చాను, అబద్ధమెందుకు.

నేను పాసవలేదు కాబట్టి కలెక్టరు బతికిపోయాడు. మొక్కు పొట్టేలును అమ్మకూడదు, కొట్టకూడదు. ఆ సంగతి ఎవరు చెప్పారో గానీ వాడికి తెలిసిపోయింది. నేరుగా కందిచేలో పడి మేసేవాడు. చేను గలాయన కర్ర పారేసి, "ఇంక చాలు తల్లీ" అని అంకమ్మకు దండం పెట్టుకునేవాడు.

అయినా మందకు వాడే పెద్ద. యర్రగొండపాలెం రోడ్డు దాటేటప్పుడు లారీ హారన్ కొడితే గొర్రెలు తలోదిక్కూ పరిగెడతాయి. కలెక్టరు తల ఎత్తి నడిస్తే అన్నీ వాడి వెనకే. అడవంచున దారి తప్పితే నన్ను కూడా వాడే ఇంటికి తోలుకొచ్చేవాడు. వాడు లేకుండా నేను మంద కాయలేను. పైగా పగలంతా తిట్టుకోవడానికి నాకు ఇంకెవరున్నారు?

పోయినేడు కవిత టీచర్ మా ఇంటికొచ్చి, బడికి రాకుండానే పది రాయొచ్చని ఓపెన్ స్కూల్లో చేర్పించింది. ఇంక చూడండి, ఊరికి నా చదువు మీద ఎక్కడలేని బెంగ పట్టుకుంది. మా మేనమామ కాటమరాజు, ఆడపిల్లకు చదువెందుకన్న మనిషి, రోజూ దొడ్డికొచ్చి కలెక్టరు తొడల వంక చూస్తూ నన్ను పలకరించేవాడు.

"ఏందమ్మే పార్వతీ, లెక్కలు బాగ వస్తాండాయా?"

"లెక్కలు నాయి, తూకాలు నీయి. నీ పని నువ్వు చూసుకో మామా" అనేదాన్ని.

లెక్కల పరీక్షలో ఫెయిలైపోదామని పెన్ను మూసి కూర్చున్నాను కూడా. కానీ చేనిగట్టు చాటున ఏడ్చిన పిల్ల గుర్తొచ్చింది. దానికేం చెప్పను? రాసేశాను. పాసయ్యాను. ఆ రోజు వెక్కివెక్కి ఏడుస్తుంటే సంతోషంతో అనుకున్నారు, మొద్దు మొహాలు.

ఆదివారం పొద్దున అంకమ్మ గుడి ముందు ఊరంతా చేరింది. ఆడవాళ్లు మసాలా నూరుతున్నారు. మామ కత్తి పదును పెడుతూ ఏ ముక్క ఎవరికో అప్పుడే పంచేస్తున్నాడు. మా దగ్గర ఒక కట్టుబాటుంది. పొట్టేలు మీద పసుపునీళ్లు పోస్తే అది ఒళ్లు విదిలించాలి. విదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. విదిలించందే కత్తి ఎత్తకూడదు. కలెక్టరు వేరేవాళ్లను దగ్గరికి రానివ్వడని వాడిని పట్టుకునే పని నాకు అప్పజెప్పారు. అక్కడే వాళ్లు పప్పులో కాలేశారు.

వాగులో కడిగేటప్పుడు నేను వాడి కొమ్ము మొదట్లో గట్టిగా పట్టుకుంటాను. చెయ్యి అక్కడున్నంతసేపూ వాడు కదలడు. తీశాక నీళ్లన్నీ నా మొహాన విదిలిస్తాడు.

చెంబుతో పోశారు. కదల్లేదు. బిందెతో పోశారు. కదల్లేదు. "చెవుల్లో పొయ్యండ్రా" అన్నాడు మామ. అర్జీలు వింటున్న కలెక్టరులా వాడు నిలబడే ఉన్నాడు. నా చెయ్యి కొమ్ము మొదట్లోనే ఉంది. పొద్దు నడినెత్తికొచ్చింది, మసాలా ఎండిపోతోంది.

"మొక్కులో ఏందో లోటుంది అత్తా" అన్నాడు మామ ఏడుపు మొహంతో.

అవ్వ లేచి దగ్గరికొచ్చింది. పొట్టేలును చూసింది. తర్వాత నా చేతిని చూసింది. ఆ పట్టు నాకు నేర్పింది ఆమే. మొక్కు తీర్చందే చావనని రోజూ అనే మనిషి, నన్నిప్పుడు వదులుతుందా?

అవ్వ కళ్లు మూసుకుని ఊగింది.

"పది చాలదంటాంది తల్లి. ఇంటరు సదవాలంట. కాలేజీకి పొయ్యి సదవాలంట."

"కాలేజీకి పోతే మందెవరు కాస్తారత్తా?"

"నువ్వు కాయి. తినేదానికి ముందుంటావు గదా."

అప్పటిదాకా అరుగు మీద కూర్చున్న నాయన కర్ర ఊతంగా లేచాడు. "నేను పోతాలే. ఇప్పుడు నడస్తానే ఉండా గదా. కలెక్టరు ముందు పోతే నేను ఎనకమాల నిదానంగా పోతా" అన్నాడు.

జనం గొణుక్కుంటూ ఇళ్లకు పోయారు. నూరిన మసాలా ఆ పూట వంకాయల్లోకి పోయింది. గుడి ముందు నేనూ అవ్వా మిగిలాం. వేళ్లు తిమ్మిరెక్కి ఇంక పట్టుకోలేక కొమ్ము వదిలేశాను. కలెక్టరు ముట్టె నుంచి తోక దాకా ఒళ్లంతా విదిలించాడు. పసుపునీళ్లు ఇద్దరి మీదా చిందాయి.

నేను బిగుసుకుపోయాను. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని వాడి వీపు నిమిరింది.

"సలేసినట్టుంది వానికి" అంది.

మే నెల, మిట్టమధ్యాహ్నం.

"వేసే ఉంటుంది అవ్వా" అన్నాను.