గెర్బర్ వారి సింహం

నేను ఒక ఇంటిపేరును. గెర్బర్ అంటారు నన్ను. జర్మనీలో పుట్టి, ప్రస్తుతం తెనాలిలో ఒక గుమ్మం పక్కన ఇత్తడి పలక మీద ఉంటున్నాను. ప్రతి ఆదివారం నన్ను చింతపండుతో తోముతారు. ఇంత మర్యాదకు తగ్గ పని నేనేమీ చేయలేదు. నన్ను మోసినవాళ్లలో చాలామందీ చేయలేదు.

ఆరువందల ఏళ్ల క్రితం ఒక చిన్న పట్నంలో యోహాన్‌లు మరీ ఎక్కువైపోయారు. జనాభా చిట్టా రాసే గుమాస్తా ఎవడు ఎవడో తేల్చుకోలేక, చేసే పనిని బట్టి తలా ఒక పేరు తగిలించాడు. ఏటి దిగువన ఓక్ చెట్టు బెరడు నానబెట్టి తోళ్లు పదును చేసే యోహాన్‌కు నేను దక్కాను. గెర్బర్ అంటే తోళ్లు పదును చేసేవాడు, అంతే. కంపు అని అతన్ని కోటగోడ అవతలే ఉంచారు. అతని తోలుతో కుట్టిన జోళ్లు తొడుక్కుని, ముక్కు మూసుకుని అతని వాకిలి దాటేవారు. మనుషుల తెలివి అలాంటిది.

మూడు తరాలకో నాలుగు తరాలకో అతని వారసులు కాస్త పైకొచ్చారు. రాగానే ఒక చిత్రకారుణ్ణి పిలిచి వంశముద్రగా సింహం బొమ్మ గీయించుకున్నారు. ఆ వంశంలో సింహాన్ని చూసినవాడు ఒక్కడూ లేడు. చచ్చిన ఎద్దులనైతే వేలకొద్దీ చూశారు.

తర్వాతెప్పుడో ఆ వంశీకుడు ఒకాయన సువార్త చెప్పడానికి గుంటూరు సీమకు వచ్చాడు. ఉత్తరాల మీద సింహం ముద్ర వేసేవాడు. ఆయన దగ్గర బాప్తిస్మం తీసుకున్న యాకోబు కూడా తోళ్లు పదును చేసేవాడే, తంగేడు బెరడుతో. ఇంటిపేరు తంగేళ్ల. ఆ పేరు వింటే ఊళ్లో మంచినీళ్లు దోసిట్లోకి పైనుంచి పోసేవారు. అందుకని దాన్ని వదిలేసి, దొరను అడిగి నన్ను తెచ్చుకున్నాడు. దొర నా అర్థం చెప్పలేదు. యాకోబును నేనేమీ అనను, అతనికి అవసరం. దొరకు ఉన్నది సిగ్గు మాత్రమే.

యాకోబు మనవడు దేవసహాయం, రిటైరైన హెడ్మాస్టరు. ఇత్తడి పలక, దాని మీద సింహం ఆయన చేయించినవే. కూతురు కరుణ హైదరాబాదులో రెండేళ్లు జర్మన్ చదువుకుని వచ్చింది. పోయిన నెల బాపట్ల నుంచి ఆమెను చూడడానికి పెళ్లివారొచ్చారు. ఈ సంబంధం కుదరాలని దేవసహాయం మూడు శుక్రవారాలు ఉపవాసం ఉన్నాడు.

పెళ్లికొడుకు తల్లి రాజమణి పలకను తడిమి చూసి మరీ లోపలికొచ్చింది.

"ఈ గెర్బర్ అంటే ఏంటండీ అన్నయ్యగారూ?"

"జర్మనీలో ప్రభువుల వంశమమ్మా. మా తాతగారిని దొర దత్తు తీసుకున్నంత పని చేశాడు."

"నే చెప్పలేదంట్రా, వీళ్ల మొహాల్లోనే ఉందని!" అంది కొడుకుతో. "చర్చికి వెళ్తాం కానీ, అడ్డమైనోళ్లతో వియ్యం మాకు పడదండీ. శుభలేఖ మీద ఆ సింహాన్నే వేయిద్దాం."

కరుణ కాఫీ కప్పులు బల్ల మీద పెట్టింది.

"సింహం ఎందుకండీ, ఎద్దుతోలు వేయిస్తే సరిపోద్ది."

"ఏంటమ్మాయ్?"

"గెర్బర్ అంటే తోళ్లు పదును చేసేవాడండీ. మా ముత్తాత చేసిందీ ఆ పనే."

"నోరు ముయ్యవే!" అన్నాడు దేవసహాయం.

"రెండేళ్ల నుంచి మూసుకునే ఉన్నా నాన్నా. వాళ్లింట్లో జన్మంతా మూసుకోమంటే నా వల్ల కాదు."

రాజమణి కాఫీ ముట్టలేదు. చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మం దాకా వచ్చి, కాలితో తడుముకుని చెప్పులు తొడుక్కుంది. మెత్తటి తోలువి. ఎవరు పదును చేశారో కనుక్కునే తొడుక్కుని ఉంటుంది, అంత శుద్ధమైన మనిషి!

దేవసహాయం నన్ను గోడ నుంచి పీకి మంచం కిందికి విసిరాడు. నాలుగో రోజు కరుణ బయటికి తీసింది. సింహాన్ని సానరాయి మీద అరగదీసి, ఆ చోట మేకుతో తంగేళ్ల అని చెక్కి, మళ్లీ గుమ్మం పక్కనే బిగించింది. హెడ్మాస్టరుగారు రెండు వారాలు పెరటి దారిన తిరిగారు, పలక కరుస్తుందన్నట్టు.

మూడో ఆదివారం పొద్దున్నే ఆయనే గిన్నెలో చింతపండు నానబెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. నానబెట్టడం ఆ వంశానికి ఎప్పటినుంచో వచ్చిన పనే.